కనుమ మీద ఆపిన కారు

నేను మాలూరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాను. కారు తలుపులకు వేసే రబ్బరు పట్టీలు తయారుచేస్తారక్కడ. వాటిలో చీలికలూ బుడగలూ ఉన్నాయేమో చూసి, బాగాలేనివి పక్కకు తీసే విభాగం నాది. తెల్లవారుతూనే మా కేజీఎఫ్‌లోని కోరమాండల్ స్టేషన్లో రైలెక్కుతాను, చీకటిపడే వేళకు రైల్లోనే తిరిగొస్తాను. ఏళ్ళ తరబడి ఇదే వరస. సీటు దొరికితే కూర్చుని కునుకు తీస్తాను, దొరక్కపోతే తలుపు పక్కన కడ్డీకి ఆనుకుని కునుకు తీస్తాను. అలసట అంటే ఏమిటో నాకు బాగా తెలుసనే అనుకునేదాన్ని. హిమాలయాల్లో కార్ల ర్యాలీ నిర్వహించే అఫీషియల్స్‌లో ఒకదానిగా వెళ్ళి నిలబడ్డాక, నాకు తెలిసింది కొంచెమేనని అర్థమైంది.

అసలు ఈ పిచ్చి నాది కాదు, మా ఆయనది. ఆయన పీయూ కాలేజీలో ఇంటరు పిల్లలకు ఫిజిక్సు చెబుతారు. పెళ్ళయిన కొత్తలోనే ఆదివారాలు ర్యాలీ అంటూ వెళ్ళిపోయేవారు. ర్యాలీ అంటే జెండాలు పట్టుకుని నినాదాలిచ్చేది కాదు. ఒక మట్టిరోడ్డును మూసేసి, కార్లను ఒకదాని వెనక ఒకటి, నడుమ కొంచెం ఎడం ఇచ్చి వదులుతారు. ఎవరు తక్కువ సమయంలో ఆ దారి దాటితే వాళ్ళు గెలిచినట్టు. కారులో ఇద్దరుంటారు, ఒకరు నడుపుతారు, పక్కనున్నవారు ముందు ఏ మలుపు వస్తుందో చదివి చెబుతారు. అలాంటి ఒక్కో దారిని స్టేజి అంటారు. స్టేజి మొదట్లో, చివర్లో, మధ్యలో అడ్డదారులు కలిసే ప్రతిచోటా మాలాంటివాళ్ళు నిలబడాలి. జీతం లేదు. ఒక టోపీ, ఒక టీషర్టు, మధ్యాహ్నం పులిహోర పొట్లం.

నేను మొదటిసారి నిలబడింది కామసముద్రం అవతల నీలగిరి తోపుల్లో. మనుషులు తక్కువయ్యారని మా ఆయన నన్నూ తీసుకెళ్ళి, ఒక బాట దగ్గర ఈల చేతికిచ్చి వదిలేశారు. కాసేపటికి ఒక ముసలామె ఆవుల్ని తోలుకుంటూ వచ్చింది. నేను చేతులు చాపి అడ్డం నిలబడ్డాను.

"నా ఆవుల్ని నిలబెట్టేకి నువ్వెవరమ్మా?" అందామె.

"ఒక్క కారు పోనీ అవ్వా, ఆమీట నేనే తోలిస్తా."

"ఆ కారు పొయ్యేదాకా ఆవులకు మేత నువ్వు పెడతావా?"

అరిచినట్టే జవాబు చెప్పాను. ఆమె కూడా అరిచింది. ఆ లోపల కారు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. ఆవుల్ని దాటించాక ఆమె వెనక్కి తిరిగి, "గొంతు బాగుండాదే నీకు. మా పక్క పంచాయితీలకు రాకూడదా?" అని నవ్వింది. ఆ రోజునుంచి నాకు ఈ పని పట్టుకుంది. ఫ్యాక్టరీలో నా మాట ఎవరికీ వినపడేది కాదు. తోపుల్లో మాత్రం నేను చెయ్యి చాపితే లారీలు కూడా ఆగేవి.

అలా చాలా ఏళ్ళు మా చుట్టుపక్కలే తిరిగాక, ఉత్తరాన మంచుకొండల్లో జరిగే ఒక పెద్ద ర్యాలీకి అఫీషియల్స్ కావాలని కబురొచ్చింది. మా ఇద్దరి పేర్లూ ఇచ్చాము. అంత ఎత్తుకు వెళ్ళేవాళ్ళు గుండె పరీక్ష చేయించుకోవాలన్నారు. నాది బాగానే ఉంది. మా ఆయన్ని మాత్రం డాక్టరు వద్దన్నాడు.

"నువ్వు పో," అన్నారు ఆయన. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

"నేనొక్కదాన్నే పోయి ఏం చేసేదండీ? నాకు ఇంట్లోనే బేజారుగా ఉండాది, అంత దూరం పోయి వేరే బేజారు పడాలా?"

"పడు. ఇదే బేజారు ఎన్నాళ్ళు పడతావు?"

నిజం చెప్పాలంటే నేను ఒప్పుకున్నది కొండల మీద మోజుతో కాదు. కొన్నాళ్ళు ఆ రైలు ఎక్కక్కర్లేదు కదా అన్న ఆశతో. మా తాత బంగారు గనుల ఆఫీసులో గుమాస్తా. మా ఊరి గొప్పలన్నీ లోతుకు సంబంధించినవే, ఫలానావాడు ఎంత లోతుకు దిగాడు, అక్కడ ఎంత వేడి అని. పైకెక్కినవాళ్ళ కథలు నేనెప్పుడూ వినలేదు. వినుంటే కాస్త ఆలోచించేదాన్నేమో.

కొండల్లో మొదటి రెండు రోజులు ఏ పనీ చెయ్యనివ్వలేదు. ఊపిరి అలవాటు పడాలి, పడుకోండి అన్నారు. పడుకుంటే తల మీద రోకలి పెట్టినట్టుండేది. మెట్లు ఎక్కితే ఎవరో వెనకనుంచి చీర కుచ్చెళ్ళు పట్టి లాగుతున్నట్టుండేది, నేను వేసుకున్నది ప్యాంటే అయినా. అన్నానికి రుచి లేదు, టీకి రుచి లేదు. మా అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి ర్యాలీ డాక్టరు చెప్పిన మాటలు మాత్రం గుర్తుపెట్టుకున్నాను. ఎత్తు పడనివాడు తాగినవాడిలా కనిపిస్తాడు, అన్నాడాయన. తూలుతాడు, పెదవులు నల్లబడతాయి, పొంతన లేకుండా మాట్లాడతాడు, అయినా నాకేమీ కాలేదని వాదిస్తాడు. కిందికి దించడమొక్కటే మందు. ఆలస్యమైతే మనిషి దక్కడు. అలాంటివాడు కనిపిస్తే ఆ చోటి అధికారి కారును ఆపెయ్యవచ్చు.

ర్యాలీ మొదలయ్యే ముందు కార్లన్నింటినీ ఒక మైదానంలో నిలిపి తనిఖీ చేశారు. ఆ వరసలో నడుస్తూ ఒక నంబరు ప్లేటు ముందు ఆగిపోయాను. కేఏ జీరో ఎయిట్. మా కేజీఎఫ్ నంబరు. అన్ని పరాయి నంబర్ల మధ్య పుట్టింటివాళ్ళు కనిపించినట్టయింది. పాత కారు, రంగు మాత్రం కొత్తది. బానెట్ తెరిచి ఒక పెద్దమనిషి లోపలికి తొంగిచూస్తున్నాడు. మెడలో గళ్ళ తువ్వాలు.

"యాడన్నా మీది?" అన్నాను.

ఆయన తల ఎత్తిన తీరు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ముఖమంతా నవ్వు. "బేతమంగళమ్మా! చెరువుకు అవతల పక్క. మీది?"

"రాబర్ట్‌సన్‌పేట."

"అట్లయితే మనోళ్ళే! పాపా, ఇట్ల రా, మన ఊరోళ్ళు వచ్చుండారు!"

పాప అన్నది ఆయన కూతురు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పక్క సీట్లో కూర్చుని దారి చదివేది ఆ పిల్లే. తండ్రి రైతు. టమోటా, కొంచెం మామిడి, పట్టుపురుగులు, ఇంట్లో పాడి. బండి నడపడం ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, "టమోటాలు ఏసుకోని కోలారు మార్కెట్టుకు పొయ్యేది గదమ్మా, లేటయితే రేటు ఉండదు. అదే నా ట్రైనింగు," అన్నాడు. మా పక్క జరిగే చిన్న ర్యాలీల్లో ఏళ్ళుగా నడుపుతున్నాడట. జీవితంలో ఒక్కసారి మంచుకొండల్లో నడపాలని కోరిక. దానికి కూతురే అన్నీ కుదిర్చింది.

"నాకు వచ్చినకాడ్నించీ వాంతులే ఆంటీ," అంది ఆ పిల్ల మెల్లిగా. "ఈయనకు మాత్రం ఏమీ లేదు. రెండు ప్లేట్లు తింటా ఉండాడు."

ఆ తర్వాతి రోజులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. చీకట్లోనే లేపి జీపుల్లో ఎక్కించి, ఎవరికి కేటాయించిన చోట వాళ్ళను దింపేవాళ్ళు. అక్కడనుంచి నిలబడటమే. ఎండ చర్మాన్ని ఒలిచేది, అదే సమయంలో నీడవైపున్న చెయ్యి కొంకర్లు పోయేది. పెన్నులు గడ్డకట్టి రాసేవి కాదు, పెన్సిళ్ళు వాడేవాళ్ళం. వైర్లెస్ బ్యాటరీలు చలికి చచ్చిపోకుండా స్వెట్టరు లోపల కడుపుకు ఆనించి పెట్టుకునేదాన్ని. మరుగు అంటూ లేని కొండ. ఆడదానికి ఒక బండ చాటు కావాలంటే ఆయాసపడుతూ చాలా దూరం నడవాలి. అందుకని నీళ్ళు తాగడం తగ్గించాను, దానితో తలనొప్పి ఇంకా పెరిగింది. కార్లు వచ్చేవి, ఆగేవి, నేను వాళ్ళ కార్డు మీద సమయం రాసిచ్చేదాన్ని, వెళ్ళిపోయేవి. నేనిక్కడ లేకపోతే ఏమవుతుంది, ఇంకొకరుంటారు, అంతే కదా అనిపించేది. సాయంత్రం గుడారంలో బూట్లు విప్పడానికి కూడా ఓపిక లేక అలాగే పడుకునేదాన్ని. మా ఆయన ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే, "నిలబడుకోనుండా," అనేదాన్ని.

ర్యాలీ సగం దాటాక నాకొక కనుమ పైన పని పడింది. స్టేజి అక్కడ ముగుస్తుంది. కార్లు కిందనుంచి ఎక్కుతూ వచ్చి మా ముందు ఆగాలి. ఆ చోటికి అధికారిని నేనే. నాకు తోడుగా చండీగఢ్‌నుంచి వచ్చిన ఒక రిటైరైన బ్యాంకు మేనేజరు. నాకంటే పెద్దవాడు, సరదా మనిషి. నాకు వచ్చిన హిందీలో, ఆయనకు వచ్చిన ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం. మాకొక చిన్న గుడారం, ఒక ఆక్సిజన్ సిలిండరు, ఒక జీపు, దాన్ని నడిపే స్థానికుడు ఒకతను. మా చోటునుంచి ముందుకు వెళ్ళే రోడ్డు ఇంకా ఎత్తయిన మరో కనుమ ఎక్కి గానీ దిగదు. త్వరగా కిందికి దిగాలంటే కార్లు వస్తున్న స్టేజి దారినే వెనక్కి వెళ్ళాలి.

బేతమంగళం కారు వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. కింద మలుపులో దుమ్ము కనిపించింది, తర్వాత కారు. ఆ వచ్చే తీరు నాకు నచ్చలేదు. వేగం లేదు. మెల్లగా లోయవైపుకు జరిగి, ఎవరో లాగినట్టు మళ్ళీ ఇటు వచ్చింది. ఆగాల్సిన చోటు దాటి ఆగింది. నేను పరుగెత్తబోయి, ఊపిరందక నడిచాను.

కూతురు కిటికీలోంచి కార్డు చాపింది. నేను సమయం రాస్తూ అవతలి సీటువైపు చూశాను. ఆయన పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. చూపు స్టీరింగు మీదే ఉంది.

"అన్నా, ఎట్లుండాది?"

పలకలేదు. ఇంకోసారి అడిగాను.

"నాకేమమ్మా," అన్నాడు. నోట్లో ఏదో అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టుంది. "రాయి మాదిరి ఉండా."

"రోంత కిందికి దిగన్నా. ఒక్క నిమిషం."

"దిగేదెందుకు? టైము పోతాది."

కూతురు నా మణికట్టు పట్టుకుంది. "ఆంటీ, ప్లీజ్. పొద్దున్నించీ కొంచెం సుస్తుగా ఉండాడు, అంతే. ఇంగ ఈ ముందర కనుమ దాటితే క్యాంపే. మన ఊరోళ్ళు మీరు. చూడనట్లు ఉండండి ఆంటీ. ఈ ర్యాలీ కోసం ఈయన ఎన్నేండ్లు కాసుకోనుండాడో మీకు తెల్దు."

నేను అటు తిరిగి వెళ్ళి డ్రైవరు తలుపు తీశాను. ఆయన దిగాడు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నా దగ్గరికి నడిచి రమ్మంటే నాలుగడుగులు వేసి పక్కకు ఒరిగాడు. కూతురు వచ్చి పట్టుకుంది.

మేనేజరు నన్ను కొంచెం అవతలికి పిలిచాడు. "ఇంత ఎత్తులో అందరూ తూలతారు మేడంజీ. నేను తూలడంలేదా? అన్నీ తెలిసే సంతకాలు పెట్టి వచ్చారు. మనం ఆపామంటే వాళ్ళ ర్యాలీ ఇక్కడితో అయిపోయినట్టే. తర్వాత క్యాంపులో డాక్టరు చూసుకుంటాడు. పంపించెయ్యండి."

ఆయన చెడ్డగా చెప్పలేదు. జాలితోనే చెప్పాడు. నాకూ అదే జాలి ఉంది. పైగా వాదించే ఓపిక లేదు. చెయ్యి ఊపితే చాలు, కారు వెళ్ళిపోతుంది, ఆ తర్వాత సంగతి ఇంకొకరిది. అలాంటి ఆలోచన వచ్చిందని ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. అంత అలసటలో ఎవరికైనా వస్తుంది. కానీ ముందున్న రోడ్డు వైపు చూశాను. పక్కన లోయ. ఆ పిల్ల ఆయన పక్క సీట్లో కూర్చోవాలి.

వెనక్కి వచ్చి, "పంపేది లేదన్నా," అన్నాను ఆ పెద్దమనిషితో.

ఆయనకు కోపం వచ్చింది. "ఊరోళ్ళని సంతోషపడితిని గదే! నువ్వే అడ్డం నిలబడుకోనుండావు. వేరే ఎవరన్నా అయింటే ఈపాటికి పంపించేసుందురు. నీకేం తెలుసు బండి గురించి? తాళం ఇట్ల తే పాపా!" తాళం కారుకే ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియలేదు. అరిచినందుకు ఆయాసం వచ్చి రోడ్డు పక్క బండ మీద కూలబడ్డాడు. గాలికి జెండా గుడ్డ టపటపా కొట్టుకుంటోంది.

కొంచెం సేపటికి ఆయన తల తిప్పి కూతురితో, కోపం అసలు లేనట్టు, చాలా మామూలుగా అన్నాడు. "పాల వ్యాను వచ్చి పొయ్యిందా? ఎర్రావు పాలు వేరే క్యాన్లో పొయ్యమంటినే, పోసినారా?"

ఆ పిల్ల ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నాయనా, మనమిప్పుడు యాడుండాము?"

"యాడుండేదేమే? దొడ్లో."

ఆమె లేచి కారులోకి వంగి తాళం తీసి నా చేతిలో పెట్టింది.

ఆ తర్వాత అంతా గబగబా జరగాల్సింది. అక్కడ ఏదీ గబగబా జరగదు. మేనేజరే సిలిండరు మోసుకొచ్చి మాస్కు తగిలించాడు. ఆ పాల మాట ఆయనకు నేను హిందీలో చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. నేను వైర్లెస్‌లో కంట్రోలుకు చెప్పాను, స్టేజి ఆపాలి, మనిషిని దించడానికి మా జీపు వెనక్కి రావాలి అని.

"యాక్సిడెంటా?" అన్నారు అటునుంచి.

"కాదు."

"దెబ్బలు తగిలాయా?"

"లేదు. తానెక్కడున్నాడో చెప్పలేకపోతున్నాడు."

అటునుంచి ఈసారి డాక్టరు గొంతు వచ్చింది. ఒక్కటే మాట అడిగాడు, పెదవులు ఎలా ఉన్నాయని. చెప్పాను. "దించండి," అన్నాడు.

స్టేజి ఆపేశారు. కానీ అప్పటికే రెండు కార్లు దారిలోకి వదిలేశారు. అవి పైకి వచ్చేదాకా మా జీపు కదలకూడదు, మలుపులో ఎదురైతే అందరూ లోయలో ఉంటారు. ఆ రెండు కార్ల కోసం ఎదురుచూసినంతసేపు నేను బతుకులో దేనికీ ఎదురుచూడలేదు. ఆ పిల్ల తండ్రి వీపు నిమురుతూ ఏదో మాట్లాడుతూనే ఉంది, టమోటా నారు గురించి, చెరువులో నీళ్ళ గురించి. ఆయన ఒక్కోదానికి తల ఊపుతున్నాడు, ఒక్కోదానికి ఊపడంలేదు.

మొదటి కారు వచ్చింది. రెండోది వచ్చింది, చాలా వేగంగా. అది నడిపినవాడు మంచి పేరున్న పోటీదారు. దిగీదిగగానే తన సమయం చూసుకుని గాలిలోకి చెయ్యి విసిరాడు. ఆ రోజు అందరికంటే తక్కువ. స్టేజి ఆగిపోయిందని నేను చెప్పేసరికి, "అయితే నా టైము?" అన్నాడు. నాకు తెలియదన్నాను. ఆయన అరవడం మొదలుపెట్టాడు. నేను వినలేదు. జీపు వెనక తలుపు తెరుచుకోక నేనూ జీపు నడిపే అతనూ లాగుతున్నాము.

ఎవరూ అడక్కుండానే మేనేజరు జీపు ఎక్కాడు. కూతురు ముందు సీట్లో కూర్చుంది. ఆ పెద్దమనిషి తల మేనేజరు తన భుజం మీద ఆనించుకుని, మాస్కు జారకుండా చేత్తో పట్టుకున్నాడు. "గుడారంలో నా ఫ్లాస్కులో టీ ఉంది మేడంజీ, తాగండి," అన్నాడు నాతో. జీపు దుమ్ములో కలిసిపోయింది. ఆ రెండు కార్లూ ముందుకు వెళ్ళిపోయాయి. కనుమ మీద నేనూ, మా కేజీఎఫ్ కారూ మిగిలాము.

చివర్లో, దారిలో ఎవరూ మిగల్లేదని చూసుకుంటూ వచ్చే వాహనం ఒకటుంటుంది, దాంట్లోనే నేను దిగాలి. అది సాయంత్రానికి గానీ రాదు. గాలి పెరిగి గుడారాన్ని నిలవనివ్వలేదు. తాళం నా దగ్గరే ఉంది కదా, వెళ్ళి ఆ కారులో కూర్చుని అద్దాలు ఎత్తుకున్నాను. ఒక్కసారిగా చప్పుడంతా పోయింది. సీటు మీద ఆయన గళ్ళ తువ్వాలు. వెనక ఒక స్టీలు డబ్బా. మూత తీస్తే నిప్పట్లు, మా పక్క పండగలకు చేసే కారం బిళ్ళలు. అడక్కుండా ఒకటి తిన్నాను. ఇన్ని రోజుల్లో మొదటిసారి నాలుకకు రుచి తెలిసింది, ఎండుమిరప, నువ్వులు, వేరుశనగ. ఇంకొకటి తిన్నాను. ఎందుకో ఏడుపొచ్చింది. దుఃఖం కాదు, భయం కూడా కాదు. ఒంట్లో ఇంక ఏమీ మిగల్లేదు, అంతే. అలాగే స్టీరింగు మీద తల పెట్టుకుని నిద్రపోయాను. కనుమ మీద పడుకోకూడదని ఎన్నోసార్లు చెప్పారు. ఆ వాహనంవాళ్ళు వచ్చి అద్దం మీద కొడితే లేచాను. అప్పటికి బయట ఎండ పసుపురంగు తిరిగింది.

క్యాంపు చేరేసరికి కబురు వచ్చి ఉంది. దిగే కొద్దీ ఆయనకు తెలివి వచ్చిందట. కింద పట్నంలో ఆసుపత్రిలో ఉంచారట, ప్రమాదం లేదట. ఆ మాట చెప్పినవాడికి ధన్యవాదం కూడా చెప్పకుండా గుడారంలోకి వెళ్ళి పడుకున్నాను.

మరునాడు పొద్దున నన్ను పిలిపించారు. స్టేజి మొత్తం రద్దయింది కాబట్టి ఎవరి సమయాలూ లెక్కలోకి రావు. రెండో కారు నడిపినాయన ఫిర్యాదు చేశాడు. ఆ కారు ఈమె సొంత ఊరిది, వాళ్ళ కోసం స్టేజి ఆపేసింది, వేరే ఎవరైనా అయితే ఆపేది కాదు అని. నిన్న ఆ కారులోని పెద్దమనిషి నా మొహం మీదే అరిచాడు, వేరే ఎవరైనా అయితే పంపించేసేవాళ్ళని. ఒక్క రోజు తేడాలో రెండు మాటలూ పడ్డాను. నవ్వాలనిపించింది గానీ పెదవులు పగిలి ఉన్నాయి. జరిగింది జరిగినట్టు చెప్పాను. మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెప్పాను. డాక్టరూ, రాత్రి క్యాంపుకు తిరిగొచ్చిన మేనేజరూ కూడా చెప్పారు. మేనేజరు, "నేను పంపించెయ్యమన్నాను, ఆమె వినలేదు, వినకపోవడం మంచిదయింది," అన్నాడు అందరి ముందూ. ఫిర్యాదు కొట్టేశారు. సరే, మీ పోస్టుకు వెళ్ళండి, జీపు బయల్దేరుతోంది అన్నారు. వెళ్ళి మళ్ళీ నిలబడ్డాను.

ర్యాలీ ముగిసి తిరిగొచ్చేటప్పుడు ఆ పట్నంలో ఆగాను. ఆయన్ని ఆ రోజే ఇంటికి పంపుతున్నారు. మంచం మీద కూర్చుని ఉన్నాడు, మనిషి బాగానే ఉన్నాడు. నన్ను చూసి గోడవైపు తిరిగాడు. ఎట్లుండాదన్నా అంటే, "ఉండాను," అన్నాడు. అంతే. కూతురు నాతోపాటు వరండాలోకి వచ్చింది.

"ఆయనకేమీ జ్ఞాపకం లేదాంటీ. బండికేమీ కాలేదు, మనిషికేమీ కాలేదు, మరి ఆమె ఎందుకు ఆపింది అంటాడు."

"నువ్వు చెప్పలేదా?"

"ఎట్ల చెప్పేది? దొడ్లో ఉండాననుకుంటివి నాయనా అని ఎట్ల చెప్పేది? అది వింటే ఇంగ బండే ముట్టడు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "మిమ్మల్ని తిట్టుకున్నా పర్వాలేదులే అనుకున్నా ఆంటీ. తప్పా?"

"పర్వాలేదులేమ్మా," అన్నాను. నిజంగానే పర్వాలేదనిపించింది. ఆయన తిట్టుకోవడానికి బతికున్నాడు.

ఇంటికొచ్చాక చాలా రోజులు ఒళ్ళు తేరుకోలేదు. రైల్లో కూర్చుంటే మాలూరు దాటిపోయి వైట్‌ఫీల్డులో లేచిన రోజులున్నాయి. మా ఆయన అన్నీ అడిగేవారు, కొండలెలా ఉన్నాయి, కార్లెలా ఎక్కాయి అని. చెప్పేదాన్ని. ఆయన కళ్ళు మెరిసేవి. ఆయనే వెళ్ళుంటే ఎంత సంతోషించేవారో, నాకెందుకు అంత సంతోషం కలగలేదో అనుకునేదాన్ని. మరుసటేడు మళ్ళీ కబురు వచ్చింది. రానని చెప్పాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు బంగారపేటలో ఒక పెళ్ళికి వెళ్ళాను, మా ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె కూతురిది. మంటపంలో వెనక వరస కుర్చీల్లో కూర్చుని ఉంటే, ఎవరో వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. చూస్తే ఆ బేతమంగళం పెద్దమనిషి. తెల్ల చొక్కా, తెల్ల పంచ. పెళ్ళికొడుకు తరఫువాళ్ళకు బంధువట. కాసేపు ఇద్దరమూ పెళ్ళివైపే చూశాము.

"పాప చెప్పింది," అన్నాడు చివరికి. "మొన్న పండక్కి వచ్చింటే గట్టిగా అడిగితిని. చెప్పనే లేదు మొదట. ఆమీట ఏడ్చింది, అప్పుడు చెప్పింది."

నేను ఆయన వైపు తిరిగాను.

"నిజంగా అట్ల అంటినామ్మా? పాల వ్యాను అని?"

"అంటివన్నా."

ఆయన అరచేతులు చూసుకున్నాడు. "ఆ పిల్ల నా పక్కన కూర్చోనుండాది గదమ్మా," అన్నాడు. "నేను దొడ్లో ఉండాననుకోని బండి తోలితే, పక్కన పిల్ల కూర్చోనుండాది." ఆ మాటే మళ్ళీ అన్నాడు. నాదస్వరం గట్టిగా మోగింది, అక్షింతలు చల్లడానికి అందరూ లేచారు. మేమూ లేచి చల్లి మళ్ళీ కూర్చున్నాము.

"బండి తోలతా ఉండావా అన్నా ఇప్పుడు?"

"మార్కెట్టుకు తోలతా. రేసు పాపకిచ్చేసినా. అది తోలతాది, పక్కన నేను కూర్చుంటే అరుస్తాది, అందుకని వాళ్ళ ఫ్రెండును కూర్చోబెట్టుకోనుండాది." గొంతు తగ్గించి అడిగాడు. "మీ మాదిరి నిలబడేకి ఏం చెయ్యల్ల? నన్ను చేర్చుకుంటారా? కొండలకు గాదు, ఇక్కడే."

"చేర్చుకుంటారు. మనుషులు ఎప్పుడూ తక్కువే. కానీ పని అంటే ఏమీ లేదన్నా, నిలబడుకోవల్ల, అంతే."

"ఎంతసేపు?"

"ఆఖరి కారు పొయ్యేదాకా."

"కూర్చోకూడదా?"

"కూర్చోవచ్చు. కూర్చుంటే మళ్ళా లేచేకి బుద్ధి పుట్టదు."

ఆయన నవ్వాడు. మైదానంలో బానెట్ వెనకనుంచి తల ఎత్తి నవ్విన నవ్వంత కాదు గానీ, నవ్వే. భోజనాలకు రమ్మని పిలుస్తున్నారు. ఆయన జనంలో నాకంటే ముందు దూరి, టేబుల్ దగ్గర పక్కపక్కన రెండు కుర్చీలు పట్టుకుని, ఒకదాని మీద చెయ్యి పెట్టి నా కోసం చూస్తున్నాడు. నేను వెళ్ళి కూర్చున్నాను.